రేకుకి వేలాడిన సీటు: ఒక కిట్ కారు కేస్ స్టడీ

ఈ కారుకి తలుపులు లేవు. రోల్ బార్ (కారు తిరగబడితే తలల్ని కాపాడే ఇనుప కమాను) పట్టుకుని, ఒక కాలు సీటు మీద మోపి, అక్కణ్ణుంచి రెండు కాళ్ళూ పెడళ్ళ వైపు జార్చుకుంటూ లోపలికి దిగాలి. ఓనరు నా షెడ్డులో మొదటిసారి అలా దిగినప్పుడు, కాలు మోపగానే కింద 'టక్' మంది. లేచి మళ్ళీ దిగమన్నాను. మళ్ళీ టక్.

"అది మొదట్నుంచీ ఉందన్నా, ఫైబర్ సీటు కదా, అలాగే కిర్రుమంటుంది" అన్నాడు.

ఫైబర్ కిర్రుమంటే చప్పుడు సీట్లోంచి రావాలి. ఇది నేలలోంచి వచ్చింది.

ఓనరు గుంటూరు అబ్బాయి, ఇక్కడ ఇంగ్లండులో డాక్టరు. కారు లోటస్ సెవెన్ తరహా రెండు సీట్ల కిట్ కారు, అంటే విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే కట్టుకునేది. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ తెచ్చిన ఆ డిజైను హక్కులు 1973లో కేటరామ్ అనే కంపెనీ చేతికి వెళ్ళాయి. ఆ ఆకారాన్ని అనుసరిస్తూ ఇళ్ళ గ్యారేజీల్లో కట్టుకునే కార్లు బ్రిటన్‌లో ఈనాటికీ తయారవుతూనే ఉన్నాయి. ఇతని కారుకి ఇంజను, గేర్ బాక్సు, డిఫరెన్షియల్ పాత మాజ్డా ఎమ్ఎక్స్-5 నుంచి వచ్చాయి. చాసిస్ 25 మిల్లీమీటర్ల చదరపు పైపుతో అల్లిన ఫ్రేము, పైపు మందం 1.6. కింద 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, పాప్ రివెట్లతో కొట్టింది. సగం కట్టి వదిలేసిన ప్రాజెక్టును ఇతను కొని, రెండేళ్ళు శని ఆదివారాలు పెట్టి పూర్తి చేశాడు. సీట్లు మాత్రం అంతకుముందు కడుతూ వదిలేసిన మనిషి బిగించినవే. ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే దాటాల్సిన ఐవీఏ పరీక్షకి తేదీ తీసుకున్నాడు, ఐదు వారాలే ఉంది. ఎందుకైనా మంచిదని ఒకసారి చూడమని నా దగ్గరికి తెచ్చాడు.

కింద ఏం కనబడింది

కారు లేపి లైటు పట్టుకుని కిందికి దూరాను. డ్రైవర్ సీటుకి నాలుగు ఎమ్8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు, నాలుగూ 8.8 అనే గట్టి గ్రేడువి, తలల మీద ముద్ర స్పష్టంగా ఉంది. వాటిలో వంక పెట్టడానికేం లేదు. వాటి కింద వేసినవి మామూలు 16 మిల్లీమీటర్ల వాషర్లు. ముందు రెండు వాషర్ల చుట్టూ రేకు సాసర్‌లా లోపలికి గుంట పడింది. ఫ్రేము పైపు వెంట ఐదు రివెట్ల తలల చుట్టూ నల్లటి మసి.

ఆ మసిని చూసి చాలామంది నూనె మరక అనుకుని తుడిచేస్తారు. అది అరుగుదల. రివెట్టుకీ రేకుకీ మధ్య కంటికి కనబడనంత కదలిక ఉంటే అల్యూమినియం పొడిగా రాలి, గాలి తగిలి నల్లబడుతుంది. కారు ఇంకా రోడ్డెక్కలేదు. గ్యారేజీలో దిగడం, ఎక్కడం, వీధి చివరిదాకా తోసుకెళ్ళి రావడం, అంతే. ఆ మాత్రానికే ఐదు రివెట్లు అరిగాయి.

విప్పే ముందు కొలిచాను. హెడ్‌రెస్టు పై అంచుకి సూట్‌కేసులు తూచే తాసు కట్టి, 25 కిలోల బలంతో వెనక్కి లాగాను. పై అంచు 19 మిల్లీమీటర్లు కదిలింది. వదిలాక 2 మిల్లీమీటర్లు వెనక్కి రాలేదు. వదిలాక పూర్తిగా తిరిగి రాని కదలికే నన్ను భయపెట్టేది. ఫైబర్ వంగితే స్ప్రింగులా తిరిగి వస్తుంది. తిరిగి రాలేదంటే ఎక్కడో ఏదో జారుతోంది, లేదా సాగుతోంది.

ప్యాసింజర్ సీటులో వేరే జబ్బు. దాని బోల్టులు చేతికి గట్టిగానే తగిలాయి, అయినా సీటు కొద్దిగా ఊగుతోంది. ఒకటి విప్పి చూస్తే, సీటు అడుగున పాతిన నట్టులో మర లోతు కన్నా బోల్టు పొడవెక్కువ. కొస వెళ్ళి లోపలి అడుక్కి తగిలి ఆగిపోయింది. పానాకి బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ ఆ బిగువంతా బోల్టుకీ నట్టు అడుక్కీ మధ్యే. సీటు మీద పట్టు లేదు. మూసుకుపోయిన నట్టులోకి బోల్టు వేసే ప్రతిసారీ సన్నటి కడ్డీ దించి లోతు కొలవండి. దీనికి అర నిమిషం చాలు. నేను చూసిన కిట్ కార్లలో ఈ తప్పు మళ్ళీ మళ్ళీ కనబడుతూనే ఉంది.

"పెద్ద వాషర్లు వేస్తే సరిపోదా అన్నా?"

డాక్టరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. బెల్టులు ఎలాగూ చాసిస్‌కే ఉన్నాయి. భుజం పట్టీలు రోల్ బార్ అడ్డ పైపుకి, నడుం పట్టీలు చాసిస్ మీద వెల్డు చేసిన లగ్గులకి (కన్నం ఉన్న ఇనుప చెవులకి), 7/16 అంగుళాల యూఎన్ఎఫ్ మర బోల్టులతో. ముందు నుంచి గుద్దుకుంటే మనిషిని ఆపేది బెల్టు, సీటు కాదు. సీటు తన బరువు తాను మోసుకుంటే చాలుగా అన్నది అతని వాదన.

ఆ వాదనలో సగం నిజం ఉంది. మిగతా సగానికి మూడు జవాబులు చెప్పాను. మొదటిది, సీటు ముందు అంచు కుంగితే కూర్చున్న మనిషి నడుం పట్టీ కింద నుంచి జారతాడు, తుంటి ఎముక మీద ఉండాల్సిన పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. డాక్టరుకి నేను అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది, ముఖం మారిపోయింది. రెండోది, పక్క నుంచి దెబ్బ తగిలితే మనిషిని నిలబెట్టేది సీటు అంచులే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: వెనక నుంచి ఎవరైనా గుద్దితే బెల్టు దాదాపు ఏ పనీ చెయ్యదు. మనిషి బరువంతా సీటు వీపు మీద పడుతుంది. అప్పుడు సీటు వెనక్కి పడబోతుంది, ముందు రెండు బోల్టులూ పైకి లాగబడతాయి.

ఎంత లాగుడు? కాగితం మీద వేసి చూపించాను. ఫ్యాక్టరీ కార్ల సీట్లకి వర్తించే యూఎన్ ఆర్17 నిబంధన, సీటు తన సొంత బరువుకి 20 రెట్ల బలాన్ని తట్టుకోవాలంటుంది. నేను ఆ 20 రెట్లలో మనిషిని కూడా కలుపుతాను. చట్టం అడగదు, నాకు నిద్ర పట్టాలి కాబట్టి. మనిషి 78 కిలోలు, సీటు 9 కిలోలు, మొత్తం 87. ఇరవై రెట్లంటే 1740 కిలోలు. ఆ బలం బోల్టుల కన్నా 250 మిల్లీమీటర్ల ఎత్తులో పనిచేస్తుంది. ముందు బోల్టులకీ వెనక బోల్టులకీ మధ్య దూరం 290. అంటే ముందు జతకి సుమారు 1500 కిలోల లాగుడు, ఒక్కో బోల్టుకి 750. వీపు వెళ్ళి వెనక గోడ రేకుకి ఆనుకుంటే కొంత తగ్గుతుంది గానీ, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ గోడా రేకే.

ఎమ్8, 8.8 గ్రేడు బోల్టు శాశ్వతంగా సాగకుండా 2100 కిలోల పైనే మోస్తుంది. కాబట్టి బోల్టుకి ఇదొక పని కాదు. అదే 16 మిల్లీమీటర్ల వాషరు 1.2 రేకులోంచి చీల్చుకుని రావడానికి, ఇలాంటి ఫ్లోర్లకి వాడే అల్యూమినియంలో, సుమారు 800 కిలోలు చాలు. కాగితం మీదే అంచున ఉంది. అది కూడా లాగుడు నిటారుగా, అన్ని వైపులా సమానంగా పడితే. నిజంలో వాషరు ఒక అంచున ముందు లేస్తుంది, కాగితం చించినట్టు అక్కణ్ణుంచి చిరుగుతుంది. పెద్ద వాషరు వేస్తే ఆ చిరుగు రాదు, నిజమే. కానీ లాగుడు వెళ్ళి రివెట్ల వరస మీద పడుతుంది. రివెట్లు వరసగా ఒకదాని తర్వాత ఒకటి ఊడతాయి. అప్పుడు సీటు నేలను వెంటబెట్టుకుని లేస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నది లారీ బాడీ షెడ్డు. క్యాబిన్‌లో డ్రైవర్ సీటు బిగించేటప్పుడు కుర్రాళ్ళు చెక్క మీద ఆపేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. బోల్టు కింది ఛానల్ దాకా దిగాల్సిందే. "బోల్టు తెగదురా, అది పట్టుకున్నది చిరుగుతుంది" అనేవాడు. నాకు ఇంజనీరింగు కాలేజీలో స్ట్రెస్ లెక్కలు నేర్పిన చాలా కాలం తర్వాత గానీ ఆ మాటకి పూర్తి అర్థం తెలియలేదు.

ఎక్కడ కూర్చోవాలో ముందు తేల్చాం

వెల్డింగు మెషిన్ ఆన్ చెయ్యడానికి ముందు ఒక పూటంతా చెక్క ముక్కలతో గడిచింది. సీటు కింద ముక్కలు పెట్టి, డాక్టరుని తను నడిపేటప్పుడు వేసుకునే బూట్లతో కూర్చోబెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కించి, స్టీరింగ్ మీద చేతులు పెట్టించి, ముందుకీ వెనక్కీ జరిపాం. ఈ పూట మిగుల్చుకుందామని చూసినవాళ్ళు తర్వాత వెల్డు కోసుకుంటారు.

పాత అమరికలో సీటు కింద 30 మిల్లీమీటర్ల ఎత్తు రన్నర్లు (సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు) ఉన్నాయి. వాటి మీద కూర్చుంటే అతని తల రోల్ బార్ పై అంచు నుంచి డ్యాష్ బోర్డు మీదికి ఆనించిన వంపులేని పట్టీకి 40 మిల్లీమీటర్ల కిందే ఉంది. నేను వేద్దామనుకున్న అడ్డ పైపులు 25 ఎత్తు. వాటి మీద మళ్ళీ రన్నర్లు వేస్తే మిగిలేది 15. కారు తలకిందులైతే ఆ 15 మిల్లీమీటర్లు ఏ మూలకీ రావు. రన్నర్లు తీసేద్దామన్నాను. సీటు నేరుగా పైపుల మీదే కూర్చుంటే తలకి 45 మిల్లీమీటర్లు దక్కుతాయి, ముందుకన్నా 5 ఎక్కువ.

ఇక్కడ డాక్టరు పట్టుబట్టాడు. వాళ్ళావిడ కూడా నడుపుతుంది, ఆమె పొట్టి. రన్నరు లేకపోతే కాళ్ళు అందవు. వీపు వెనక దిండు పెట్టుకుంటుందిలే అన్నాడు. అది మాత్రం కుదరదని చెప్పాను. దెబ్బ తగిలిన క్షణంలో దిండు నలుగుతుంది, ఆ నలిగినంత మేరా బెల్టు లూజు అవుతుంది. చివరికి డ్రైవర్ వైపు రెండు పైపులకి బదులు నాలుగు వేశాను. 60 మిల్లీమీటర్ల తేడాతో రెండు జతలు. ఆమె నడిపే రోజున నాలుగు బోల్టులు విప్పి సీటు ముందు జత మీదికి మార్చాలి, పది నిమిషాల పని. రన్నరు అంత సుఖం కాదు. కానీ కదలకుండా బిగించిన సీటుకి లాక్ పిన్ను ఉండదు. లాక్ ఒక వైపే పడి రెండో వైపు పడకపోవడమన్న బాధ, సన్నటి ఫ్రేముల్లో తరచు చూసేది, ఇక్కడ లేదు.

పని

మొదట ఫ్రేముకి వాడిన 1.6 పైపే అడ్డ పైపులకీ వాడదామనుకున్నాను, షెడ్డులో ఉంది కాబట్టి. లెక్క వేస్తే ఆగింది. ఫ్రేము పైపుల మధ్య దూరం 430, బోల్టులు రెండు చివర్ల నుంచి 75 మిల్లీమీటర్ల లోపల. ఒక్కో బోల్టుకి ఆ 750 కిలోల లాగుడు పడితే 1.6 పైపులో ఒత్తిడి, చివర్లని ఎలా అనుకుని లెక్కేసినా, 415 నుంచి 500 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) మధ్య వస్తోంది. ఇలాంటి పైపులకి మామూలుగా దొరికే మంచి స్టీలు కూడా 355 దగ్గర సాగడం మొదలెడుతుంది. మందం 3 మిల్లీమీటర్లకి పెంచితే అదే ఒత్తిడి 260 నుంచి 320 మధ్యకి దిగింది. 355 గ్రేడు పైపే, సర్టిఫికెట్టు ఉన్న స్టాకు అడిగి తెచ్చాను. ఒక్కో ముక్క బరువు 900 గ్రాముల లోపు. మొత్తం ఆరు ముక్కలు, ఐదు కిలోల పైచిలుకు. తేలిక కారులో ఐదు కిలోలు చిన్న మాట కాదు, డాక్టరు ముఖం ముడుచుకున్నాడు. రన్నర్లు తీసినందువల్ల కొంత తిరిగి వచ్చింది. మిగతాది మొయ్యాల్సిన బరువేనని చెప్పాను.

బోలు పైపుకి అడ్డంగా కన్నం పెట్టి బోల్టు బిగిస్తే పైపు గోడలు లోపలికి నలుగుతాయి. ఈరోజు బిగించిన బిగువు రేపు ఉండదు. అందుకని ప్రతి కన్నంలో బయట 16 మిల్లీమీటర్లు, లోపల ఎమ్8 బోల్టు సరిగ్గా పట్టే గట్టి గొట్టం ముక్క దూర్చి, పైనా కిందా చుట్టూ వెల్డు చేశాను. క్రష్ ట్యూబ్ అంటారు. బోల్టు ఇప్పుడు నిండు ఇనుముని నొక్కుతుంది.

వెల్డింగుకి ముందు బ్యాటరీ విప్పి, ఇంజను కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. ఫ్రేము మీద పౌడర్ కోటింగు మెరిసే ఇనుము వచ్చేదాకా గీకాను. 3 మిల్లీమీటర్ల పైపుని 1.6 పైపుకి అతికేటప్పుడు మంటని మందం వైపే ఎక్కువ ఉంచాలి, లేకపోతే సన్నపు గోడ కరిగి కన్నం పడుతుంది. ఒకేసారి గీత లాగకుండా, ఇక్కడ కొంచెం అక్కడ కొంచెం, చల్లారనిస్తూ వేశాను. అయినా ఫ్రేము లాగింది. ఆ సంగతి తర్వాత.

కింది అల్యూమినియం రేకులో బోల్టు తల పట్టే చోట 30 మిల్లీమీటర్ల కన్నాలు కోశాను, బోల్టు తల రేకుని నొక్కకుండా, 3 మిల్లీమీటర్ల స్టీలు పట్టీ మీంచి నేరుగా పైపునే నొక్కేలా. రేకుని బిగింపులో ఇరికిస్తే అది నెమ్మదిగా నలిగి బిగువు పోగొడుతుంది. పైగా తడిలో స్టీలూ అల్యూమినియం ఒరుసుకుంటే అల్యూమినియం తినేస్తుంది. కన్నాలకి రబ్బరు మూతలు పెట్టాను. అరిగిన ఐదు రివెట్లతో పాటు వాటి పక్కవి కూడా పీకి కొత్తవి కొట్టాను, మధ్యలో డ్యూరాలాక్ అనే తుప్పు పట్టనివ్వని పేస్టు పూసి.

బోల్టుల పొడవు ఒక్కోటీ విడిగా కొలిచి కోశాను. కనీసం 8 మిల్లీమీటర్లు మర పట్టాలి, కొస అడుక్కి తగలకూడదు. పాతిన నట్టులకి నైలాక్ (వదులు కాకుండా లోపల నైలాన్ ఉండే నట్టు) కుదరదు కాబట్టి మర పట్టి ఉంచే జిగురు, మధ్యరకం లాక్‌టైట్ వేసి, 24 న్యూటన్ మీటర్లకి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను.

నేను చేసిన తప్పు

డ్రైవర్ సీటు నాలుగు కాళ్ళ పీటలా కూర్చుంది. ప్యాసింజర్ సీటుకి మూడు మూలలు ఆనాయి, వెనక కుడి మూల లేచి ఉంది. బోల్టు వేసి బిగించుకుంటూ పోయాను, దిగుతుందనుకుని. దిగింది, కానీ సగంలో సీటు లోపల 'చిటుక్' మంది. వెంటనే వదులు చేశాను. చూస్తే బోల్టు దగ్గర పై పొరలో గోటి పొడవు పగులు. ఫైబర్ పొరల దాకా వెళ్ళలేదని కింద నుంచి తట్టి, లైటు పెట్టి చూసి నిర్ధారించుకున్నాను. కానీ ఆ శబ్దం రాకముందే ఆగాల్సింది. ఖాళీ ఎంతో ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్నటి రేకులతో) కొలవకుండా బోల్టుతో లాగడం ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కాదు.

కొలిస్తే 2.5 మిల్లీమీటర్లు. వెల్డు వేడికి ఫ్రేము లాగినంత. ఆ మందం స్టీలు ప్యాకింగు ముక్క తయారుచేసి పెట్టాను. సీటుని బలవంతంగా మెలిపెట్టి బిగిస్తే రెండు నష్టాలు. ఫైబర్ ఎప్పుడూ మెలిలోనే ఉంటుంది, ఒక గతుకులో పగులు సాగుతుంది. బోల్టు బిగువులో కొంత సీటుని వంచడానికే ఖర్చయిపోతుంది, పట్టడానికి మిగిలేది తక్కువ.

బెల్టులు మళ్ళీ సరిచూడాల్సి వచ్చింది. సీటు 5 మిల్లీమీటర్లు దిగింది, 15 వెనక్కి వెళ్ళింది. ఆ మాత్రానికే నడుం పట్టీ సీటు కన్నం అంచుకి ఒరుసుకుంటోంది. అంచుకి రబ్బరు పట్టీ తొడిగాను. భుజం పట్టీలు సీటు మీంచి వెనక్కి దాదాపు సమంగా వెళుతున్నాయి. కారు రేసుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ నిబంధన 45 డిగ్రీల కన్నా ఎక్కువ వాలు ఒప్పుకోదు. ఎక్కువ వాలితే దెబ్బలో ఆ పట్టీలు వెన్నెముకని కిందికి నొక్కుతాయి. సీటు ఎత్తు మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చూసుకోవాలి. సీటూ బెల్టూ విడివిడి పనులనుకోవడం వల్లే చాలా పొరపాట్లు వస్తాయి.

చివర్లో మళ్ళీ తాసు కట్టి 25 కిలోలు లాగాను. 4 మిల్లీమీటర్లు కదిలింది. వదిలితే సున్నాకి వచ్చింది. ఆ నాలుగూ ఫైబర్ వంపే. డాక్టరుని దిగమన్నాను. చప్పుడు లేదు.

పరీక్ష

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారుకి నంబరు రావాలంటే వాహనాలు తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏ వాళ్ళ ఐవీఏ పరీక్ష దాటాలి. 2009లో పాత ఎస్‌వీఏ పరీక్ష స్థానంలో వచ్చింది. ఇన్‌స్పెక్టరు శ్రద్ధగల మనిషి. సీట్లు రెండు చేతులతో పట్టి ఊపాడు, కిందికి వంగి లైటుతో చూశాడు, బెల్టు లగ్గుల దగ్గర ఆగి బోల్టులు చూశాడు. సీట్ల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. కారు మాత్రం ఫెయిలైంది, డ్యాష్ కింద ఒక బ్రాకెట్టు అంచు పదునుగా ఉన్నందుకు. అది అరగదీసి మళ్ళీ వెళితే పాసైంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పరీక్షలో సీటుని ఎవరూ 20 రెట్ల బలంతో లాగరు. లాగితే కారు పాడవుతుంది, ఒక్క కారు కట్టుకున్నవాడికి అది కుదరదు. ఇన్‌స్పెక్టరు చూసేది కళ్ళతో, చేతులతో. పాత వాషర్లతో, చక్కగా మ్యాట్ పరిచి తీసుకెళ్ళి ఉంటే పాసయ్యేదేమో కూడా. అందుకే ఆ కాగితం మీద నమ్మకం పెట్టుకుని ఊరుకోకండి. రేకు కింద ఏముందో కట్టినవాడికే తెలుసు.

మన దగ్గర ఇలాంటి కార్లు లేకపోయినా, బాజా, సుప్రా అనే విద్యార్థుల పోటీలకి బండ్లు కట్టే ఇంజనీరింగు కాలేజీ పిల్లలు నాకు ఫొటోలు పంపుతుంటారు. సస్పెన్షన్ గురించి పది ప్రశ్నలుంటాయి, సీటు గురించి ఒక్కటీ ఉండదు. నేను మొదట అడిగేది సీటు కింద నుంచి తీసిన ఫొటో. బోల్టు పైపుకి చేరిందా, రేకు దగ్గరే ఆగిపోయిందా అన్నది ఆ ఒక్క ఫొటోలో తెలిసిపోతుంది. పోటీ కార్లకి ఎఫ్ఐఏ అడిగేది కూడా ఇదే దారి: సీటుకి కనీసం నాలుగు పట్లు, 8 మిల్లీమీటర్ల బోల్టులు, వెనక స్టీలైతే 3 మిల్లీమీటర్ల పట్టీలు, ఒక్కో పట్టు దగ్గర 40 చదరపు సెంటీమీటర్ల ఆనుడు.

ఆరు నెలల తర్వాత

బిగించిన రోజే ప్రతి బోల్టు తల మీంచి పట్టీ మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాను. ఆరు నెలలకి, సుమారు 1900 మైళ్ళు తిరిగాక, డాక్టరు కారు తెచ్చాడు. ఎనిమిది గీతల్లో ఏడు చెక్కు చెదరలేదు. ప్యాసింజర్ వెనక కుడి బోల్టు గీత మిల్లీమీటరు పక్కకి జరిగి ఉంది. ప్యాకింగు పెట్టిన మూలే.

విప్పి చూశాను. ప్యాకింగు ముక్క కింద, పైపు మీద, వేలెడు మేర పెయింటు గీకకుండా వదిలేశాను. ఆ పొర నలిగి చుట్టూ అంచులా బయటికి వచ్చింది, అంత మేరా బిగువు తగ్గింది. ఇనుము మెరిసేదాకా గీకి, ప్యాకింగు తుడిచి పెట్టి, కొత్త బోల్టు, కొత్త లాక్‌టైట్, మళ్ళీ 24 న్యూటన్ మీటర్లు. పసుపు గీత మళ్ళీ గీసి, మూడు నెలల్లో ఒకసారి తెమ్మని డాక్టరుకి తేదీ రాసిచ్చాను.